గచ్చు ఎంతవరకు వచ్చింది

మా తోడికోడలికి ఈ ఉద్యోగం ఇప్పించింది నేనే. నా నెత్తిన నేనే చెయ్యి పెట్టుకున్నాను, ఇంకెవర్నీ అనుకోవడానికి లేదు. మా మరిది దాన్ని పెళ్లి చేసుకుని తెచ్చిన కొత్తలో, "పాపం, చదువుకున్న పిల్ల, ఇంట్లో కూర్చుని ఏం చేస్తుంది" అని జాలిపడి మా డైరెక్టరుగారితో చెప్పాను. పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పిందీ నేనే. ఇప్పుడు ఆఫీసులో ఎవరికి ఏ సందేహం వచ్చినా నా బల్ల దాటుకుని దాని బల్ల దగ్గరికి వెళ్తున్నారు. వెళ్లేటప్పుడు నన్ను చూసి నవ్వుతారు కూడా. ఆ నవ్వులు చూస్తే నాకు కడుపు మండిపోతుంది.

మేం కట్టేది ఆసుపత్రి. ఏ పని ఎప్పుడు మొదలవ్వాలో, ఎప్పుడు ముగియాలో కంప్యూటరులో షెడ్యూలు వేసి, ఎంతవరకు వచ్చిందో వారం వారం చూపించడం మా ఉద్యోగం. మా ప్లానింగ్ హెడ్ రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ నాదేనని నేను ఎప్పుడో ఖాయం చేసుకున్నాను. దాని వెనక కిటికీకి ఏ రంగు తెర వేయించాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. ఈమధ్య మాత్రం డైరెక్టరుగారు నాతో మాట్లాడుతూనే మా తోడికోడలి బల్ల వైపు చూస్తున్నారు.

పోనీ ఇంట్లో అయినా సుఖముందా? అంతా ఒకే ఇంట్లో ఉంటాం. వచ్చిన కొత్తలో చిన్నది, అదే మా తోడికోడలు, సాయంత్రాలు వంటింట్లో పాడుతూ ఉండేది. మా అత్తగారు టీవీ కట్టేసి మరీ వినేవారు. నేను ఈ ఇంటికొచ్చి ఇన్నేళ్లయింది, నేను మాట్లాడుతుంటే ఆవిడ ఒక్కసారైనా ఆ టీవీ శబ్దం తగ్గించిన పాపాన పోలేదు. చిన్నది పాట ఎత్తుకోగానే నాకు అలమరలో గిన్నెలు సర్దే పని గుర్తొచ్చేది. తలుపులు ధన్‌మని వేసేదాన్ని. ఏమైందో గానీ, కొన్నాళ్లకు పాడటం మానేసింది. బద్ధకం కాబోలు. పీడా పోయింది అనుకున్నాను.

ఒకరోజు మీటింగులో డైరెక్టరుగారు, "స్కానింగ్ గది గచ్చు మొదలుపెడుతున్నాం. ఎంత పూర్తయిందో దేన్నిబట్టి కొలుద్దాం?" అని అడిగారు.

కంప్యూటరుకు ఆ సంగతి ముందే చెప్పాలి. గడిచిన రోజులను బట్టి కొలవమనొచ్చు, ఖర్చయిన కూలి గంటలను బట్టి కొలవమనొచ్చు, లేదా మనమే గదికి వెళ్లి కళ్లతో చూసి, నిజంగా జరిగిన పనిని బట్టి అంకె వేయొచ్చు. గచ్చుకు ఈ చివరిదే సరైనది. పూత ఆరకపోతే మేస్త్రి ఆగుతాడు, టైల్స్ రాకపోతే ఆగుతాడు. రోజులు మాత్రం ఎవరి కోసమూ ఆగవు. ఇదంతా నాకు కొట్టినపిండి. చెబుదామని గొంతు సవరించుకున్నాను.

"చూసిన పనిని బట్టి పెడదామండీ," అని చిన్నది అనేసింది. "అడుగు నేల చదును చేస్తే ఇంత, చెమ్మ ఎక్కకుండా పూత వేస్తే ఇంత, టైల్స్ పరిస్తే ఇంత అని వాటాలు వేసుకుందాం."

అవి నా మాటలు. నేను నేర్పినవే, పొల్లుపోకుండా. అందరూ తలలూపారు. "శభాష్!" అన్నారు డైరెక్టరుగారు. నన్ను జన్మలో అంత మాట అనలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అదంతా చాదస్తం," అన్నాను. "వారం వారం ఆ గదికి ఎవరు పోతారు, ఎవరు కొలుస్తారు? రోజులను బట్టి పెట్టేస్తే దానంతటదే లెక్కేసుకుంటుంది."

అది నా వైపు వింతగా చూసింది. "అక్కా, నువ్వే కదా..." అని ఆగిపోయింది.

"ఏంటి నేను?"

"ఏం లేదులే అక్కా."

డైరెక్టరుగారు కాసేపు గడ్డం గోక్కుని, "సరే, సీనియర్ మీరు. మీరన్నట్టే కానివ్వండి," అన్నారు. నేను గెలిచాను. ఆ పూట అన్నం కూడా రుచిగా అనిపించింది.

కంప్యూటరులో గచ్చు ఎంతవరకు వచ్చిందో చూపించే గీత వారం వారం చక్కగా ముందుకు జరుగుతోంది. ఒకసారి గదికి వెళ్లి చూస్తే మేస్త్రి గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్నాడు. "పూత ఆరట్లేదమ్మా, ముసురు పట్టుకుంది కదా. టైల్స్ కూడా ఇంకా రాలేదు," అన్నాడు. నా కంప్యూటరులోనేమో గచ్చు దాదాపు అయిపోయింది.

సరిదిద్దడం పెద్ద పనేం కాదు. ఇంకా ఇన్ని రోజులు పడుతుందని చేత్తో వేస్తే చాలు. కానీ వేస్తే గీత వెనక్కి పోతుంది. ఎందుకు పోయిందని అడుగుతారు. చిన్నది చెప్పిందే సరైనదని అందరి ముందూ తేలుతుంది. దానికన్నా చావు నయం. టైల్స్ రేపో మాపో వస్తాయిలే అని ఊరుకున్నాను.

"స్కానింగ్ గదికి వెళ్లావా అక్కా?" అని అది ఒకసారి మెల్లిగా అడిగింది.

"నీ పని నువ్వు చూసుకో," అన్నాను.

డైరెక్టరుగారు ఆ గీతను నమ్మి, స్కానింగ్ మెషీను పంపమని కంపెనీకి కబురు పెట్టారు. అది పెద్ద లారీలో, జోరున కురుస్తున్న వానలో వచ్చింది. గది చూస్తే పచ్చి గచ్చు. ఆసుపత్రి మొత్తంలో అన్నిటికన్నా ఖరీదైన వస్తువును గేటు దగ్గర దించి, టార్పాలిన్ కప్పి, చుట్టూ తాళ్లు కట్టారు. లారీవాడు తిట్టిన తిట్లు మూడో అంతస్తు దాకా వినిపించాయి.

డైరెక్టరుగారు మా ఇద్దర్నీ పిలిచారు.

"గచ్చుకు రోజుల లెక్క కుదరదని మీకు తెలియదా?" అని నన్నడిగారు.

"తెలుసండీ."

"తెలిసి కూడా ఎందుకు పెట్టించారు?"

ఏమని చెప్పను? ఆయన చిన్నదాని వైపు తిరిగారు. "రేపట్నుంచి షెడ్యూలంతా మీరు చూసుకోండి. హెడ్ కుర్చీ కూడా మీదే."

అది మురిసిపోతుందనుకున్నాను. తల దించుకుని "సరేనండీ" అంది, అంతే.

ఆఫీసుకు రావడం పోవడం ఇద్దరం ఒకే స్కూటరు మీద. నడిపేది నేను. ఆ సాయంత్రం కూడలిలో ఎర్ర దీపం పడ్డాక వెనక నుంచి చిన్నది అంది.

"ఆ రోజు నేను ముందు అనకపోతే, నువ్వే ఆ మాట అనేదానివి కదక్కా?"

నేను దీపం వైపే చూస్తున్నాను.

"ఇంట్లో నువ్వు అలమర తలుపులు ధన్‌మని వేస్తుంటే పాడటం మానేశాను. ఇప్పుడు ఆఫీసులో కూడా నోరు మూసుకోమంటావా?"

పచ్చ దీపం పడింది. వెనక హారన్లు మోగుతున్నాయి. నా బండి కదల్లేదు. అప్పుడు నాకు ముందు తోచిందేంటో తెలుసా? ఎంత బాగా చెప్పింది, నాకైతే ఇలా చెప్పడం చేతకాదు అని. ఛీ, అక్కడ కూడా అదే ఏడుపు!

భోజనాలయ్యాక మా అత్తగారు టీవీ ముందు నుంచి కేకేశారు. "ఏమే చిన్నదానా, నీ పాట విని ఎన్నాళ్లయిందే?"

"గొంతు బాగాలేదత్తయ్యా," అంది అది కంచాలు తుడుస్తూ. నా వైపు చూడలేదు.

"దాని గొంతుకేం, బ్రహ్మాండంగా ఉంది! పాడమనండి," అన్నాను. కాస్త కసిరినట్టే వచ్చింది నా గొంతు.

అది తుడిచే గుడ్డ పట్టుకుని నన్ను చూస్తూ నిలబడిపోయింది. తర్వాత కంచం వైపు తిరిగి, సన్నగా ఎత్తుకుంది. ముందుగదిలో టీవీ ఆగిపోయింది. చూశారా, వెంటనే కట్టేశారు ఆవిడ! నాకు ఒళ్లంతా మండిపోయింది. గిన్నెలు సర్దేసి, అలమర తలుపును రెండు చేతులతో పట్టుకుని, చప్పుడు కాకుండా మూశాను.