గుర్తు లేదన్న తాళంచెవి

మిషనమ్మ కుట్టుమిషన్ని ఇద్దరు మనుషులు బండికెక్కిస్తుంటే కళ్ళారా చూశాను. పక్కవీధిలో ఆమె చేరిన కొత్త గది గుమ్మంలోంచే లాక్కొచ్చారు.

"నిన్ను ఖాళీ చేయించడానికి అయ్యగారికి ఎంతైందో తెలుసా? ప్లీడరు ఫీజు, కోర్టు ఫీజు, తాళం పగలగొట్టిన కూలి... అన్నీ నీవే. కట్టి పట్టుకుపో," అన్నాడు ఇంటి యజమాని గుమాస్తా.

"వాయిదాకి ముందే ఖాళీ చేశాను కదయ్యా! తాళంచెవి అవ్వకిచ్చాను. అడగండి!"

అందరూ నా వైపు తిరిగారు.

"నాకు గుర్తు లేదే తల్లీ," అన్నాను.

నాయనలారా, ఈ మాట మీకు చెబుతుంటే ఇప్పటికీ తల వాలిపోతోంది. మా వరసలో తొమ్మిది గదులు. ఎనిమిదోది మిషనమ్మది, తొమ్మిదోది నాది. ఎవరు ఖాళీ చేసినా తాళంచెవి పెద్దచేతికి ఇవ్వడం, ఆ చెయ్యి యజమానికి అందించడం మా వాడుక. రసీదు అడగాలని ఎవరికి తోచింది? ఆ పెద్దచెయ్యి నాది. మిషనమ్మ వెళ్ళిన సాయంత్రమే చెవి తీసుకెళ్ళి గుమాస్తాకివ్వబోయాను. "నీ దగ్గరే ఉంచవ్వా, తర్వాత తీసుకుంటా," అన్నాడు. నా గోడ మేకుకే ఉండిపోయింది.

ఆమె ఇంకా కదల్లేదని అయ్యగారు కోర్టులో చెప్పి, కేసు నడిపి, ఖాళీ గది తాళం పగలగొట్టించారు. నేను పక్క గుమ్మంలోనే ఉన్నాను. చెయ్యి చాస్తే చెవి అందుతుంది. గుమాస్తా దగ్గరికొచ్చి, "ఈ వయసులో నీకింకో గది ఎవరిస్తారవ్వా?" అన్నాడు, మెత్తగా. నోట్లో నాలుక లేనిదాన్నయ్యాను.

మిషను పోయిన మర్నాడు కుళాయి దగ్గర అందరం చేరాం. మిషనమ్మా వచ్చింది.

"వెళ్ళిపోయినామె గోడు మనకెందుకు?" అంది ఇస్త్రీ అక్క.

"రేపు మనం వెళ్ళమా అమ్మా? ఇల్లు వదిలినా ఖర్చు వదలదట!" అంది కాలేజీకి వెళ్ళే ఆమె కూతురు.

మూటలు మోసే బావ గట్టిగా నవ్వాడు. "అవ్వకి గుర్తు లేదంటే నమ్మాలా? నా పెళ్ళిలో నేనెన్నిసార్లు తుమ్మానో చెబుతుంది!"

అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే లోపలికెళ్ళి, చెవి తెచ్చి, కుళాయి గట్టు మీద పెట్టాను.

మిషనమ్మ తిట్టలేదు. "భయమేసిందా అవ్వా?" అంది. చెంప పగలగొట్టినా బాగుండేది.

"అవ్వని తప్పుపడితే ఏం లాభం?" అన్నాడు బావ. "మనందరి భయాన్నీ ఇటుకలు చేసి వాడు మేడ కట్టాడు. పదండి!"

తొమ్మిది గదులూ అయ్యగారి మేడకి కదిలాయి. మిషను అయ్యగారి వసారాలోనే ఉంది. నేను చెవి ఎత్తి చూపించాను.

"ముసలిదాని మాటెవడు నమ్ముతాడు? రేపే గది ఖాళీ చెయ్!" అని అరిచాడాయన.

"ఆ ఖర్చు కూడా నా మీదేనా అయ్యా?" అన్నాను.

బావ మిషన్ని నెత్తికెత్తుకున్నాడు. చుట్టూ మేమంతా గోడకట్టినట్టు నడిచాం. మిషను మిషనమ్మ గదికి చేరింది. వెనకే పోలీసులొచ్చి బావనీ నన్నూ జీపెక్కించారు.

స్టేషన్లో జవాను కాగితం తీసి, "ఏం జరిగిందో గుర్తుందా ముసల్దానా?" అన్నాడు వెటకారంగా.

"గుర్తుంది నాయనా. రాసుకో."

మొదటి గది నుంచి మొదలుపెట్టాను. ఎవరిని ఎప్పుడు గెంటారో, ఎవరి పసిబిడ్డ మీద కప్పు కారిందో, ఎవరి సామాను వీధిలో తడిసిందో. బయట మావాళ్ళ కేకలు కిటికీలోంచి వినిపిస్తున్నాయి. మూడో గదికొచ్చేసరికి అతని పెన్ను మొరాయించింది.

"ఇంకోటి తెచ్చుకో బాబూ. ఎనిమిదో గది దగ్గర నా తప్పుంది. అదీ రాయాలి."