గ్రేఐస్ వాళ్ళ గొర్రెల దొడ్డి

తెల్లారగానే గ్రేఐస్ వాళ్ళ ఎల్సీ ముసలమ్మ చేసే మొదటి పని తూర్పు వాకిలి తీసి, చిటికెడు మొక్కజొన్న పిండి గాలికి వదిలి దణ్ణం పెట్టుకోవడం. రెండో పని గొర్రెల దొడ్డిలోకి దిగి పిక్కల దాకా కూరుకుపోవడం. ఆ తర్వాత ఒక కాలు పీకి, రెండోది పీకి, మళ్ళీ మొదటిది పీకుతూ గొర్రెల్ని బయటికి తోలుతుంది. తోలుతున్నంతసేపూ తిడుతూనే ఉంటుంది. వినీ వినీ అరిగిపోయిన తిట్లు గనక గొర్రెలు చెవులైనా కదపవు.

ఆ దొడ్డిలో అందరి కాళ్ళూ దిగవు. మా టో లిచీ ఊళ్ళో ఏ ఇంట్లోనైనా బిడ్డకి బొడ్డుతాడు ఊడగానే తీసుకెళ్ళి గొర్రెల దగ్గర పాతిపెడతారు. అలా చేస్తే ఆ బిడ్డ ఎంత దూరం పోయినా ఇంటిని మర్చిపోదని. మిగతావాళ్ళ దొడ్లు పాతించుకుని ఊరుకుంటాయి. గ్రేఐస్ వాళ్ళ దొడ్డి మాత్రం తనవాళ్ళు అడుగుపెడితే చాలు, కాలు పట్టుకుంటుంది. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగితే మాత్రం ఏం చెబుతారు? ఒకరింటి కుక్క కరుస్తుంది, ఒకరింటి కుక్క కరవదు, అంతే.

ఎల్సీ కూతురు బెర్నీస్‌కి చీలమండ దాకా దిగుతుంది. బెర్నీస్ కొడుకు విల్బర్ట్‌కీ అంతే. చిన్నప్పుడు బడికి ఆలస్యమైతే "దొడ్డి వదల్లేదు టీచర్" అనేవాడు, ఆవిడ కూడా సరే కూర్చోమనేది. బెర్నీస్ మొగుడు హారిసన్ అవతలి లోయ నుంచి వచ్చిన అల్లుడు గనక అతని కాలికింద అది బండరాయే. "జుట్టు నెరిసిపోయింది, ఈ దొడ్డికి నేనింకా కొత్తల్లుణ్ణే" అని పికప్ బండిలోంచి నీళ్ళ పీపాలు దించుతూ రోజూ సణుగుతాడు.

పాపం, హారిసన్‌కి ఇంకో తంటా కూడా ఉంది. మాలో అల్లుడు అత్తగారి మొహం చూడకూడదు. చూస్తే కళ్ళు పోతాయి. ఒకే వాకిట్లో బతుకుతూ, పెళ్ళినాటి నుంచి ఇద్దరూ ఒకరి కంట ఒకరు పడలేదు. అతను వస్తున్నప్పుడు ఈల వేస్తాడు, ఆవిడ శాలువా తలమీదికి లాక్కుని అటు తిరుగుతుంది. ఊళ్ళో జనం ఆ ఈల విని పొద్దెంతయిందో చెప్పుకుంటారు.

ఆ వసంతంలో, ఉన్ని కత్తిరించే రోజులు దగ్గరపడుతుండగా, విల్బర్ట్ ఒక పిల్లని వెంటబెట్టుకుని వచ్చాడు. అతను అల్బుకర్క్ పట్నంలో వెల్డింగ్ పని చేస్తాడు. ఆ పిల్ల పేరు కరోల్, అక్కడే జుట్టు కత్తిరించే షాపులో పనిచేస్తుంది. చూసి పోదామని వచ్చిన మనిషి ఉండిపోయింది. కుళాయి లేదని అనలేదు, దుమ్మని అనలేదు. మొదటి రోజే రొట్టె నూనెలో వేయించబోయి బొగ్గు చేసింది, రెండో రోజు ఫరవాలేదనిపించింది. ఎల్సీకి ఇంగ్లీషు రాదు, ఆమెకి మా మాట రాదు. అయినా ఇద్దరూ ఉన్ని దువ్వుతూ కూర్చుని, ఎందుకో ఏమిటో తెలీకుండా పకపకా నవ్వుకునేవాళ్ళు.

అయితే వచ్చిన రోజున జరిగింది చెప్పాలి. బండి తలుపైనా వేయనివ్వకుండా బెర్నీస్ అడిగింది, "నీది ఏ వంశమమ్మా?"

మా దగ్గర పేరు తర్వాత, ముందు వంశం. తల్లిది ఏ వంశమైతే బిడ్డదీ అదే. ఒక వంశంలో పుట్టిన ఆడామగా ఎక్కడ పుట్టినా, ఎన్నడూ చూసుకోకపోయినా, తోడబుట్టినవాళ్ళే.

కరోల్ నీళ్ళు నమిలింది. ఆమెని అయోవాలో ఒక తెల్ల దంపతులు పెంచుకున్నారు. కన్నతల్లి మెక్సికో పిల్ల అని వాళ్ళకెవరో చెప్పారు, వాళ్ళు ఆమెకి చెప్పారు. అంతకు మించి తెలీదు.

"వంశం తెలీని పిల్లని ఎలా చేసుకుంటావురా?" అని బెర్నీస్ కొడుకుని పొయ్యి దగ్గరికి లాగింది. "రేపు మన చేదునీళ్ళ వంశమే అని తేలితే?"

"అయోవాలో చేదునీళ్ళ వాళ్ళెక్కడుంటారే అమ్మా!"

"ముక్కు చూస్తే మన పిల్లలాగే ఉంది" అన్నాడు హారిసన్ నవ్వుతూ. బెర్నీస్ గరిటె చూపించేసరికి బయటికి పోయాడు.

చివరికి ఎల్సీయే తేల్చింది. మెక్సికో వాళ్ళలోంచి వచ్చి మాలో కలిసిన వంశం ఒకటి పాతకాలం నుంచీ ఉంది. "పిల్లని ఆ లెక్కలో వెయ్యండి. వాళ్ళకీ మనకీ అడ్డం లేదు" అంది. పెద్దావిడ అన్నాక ఇంకేముంది, శనివారం పెళ్ళన్నారు. నాలుగు లోయలకీ కబురు వెళ్ళింది.

కరోల్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆమెకి ఒకటే దిగులు, తను ఎవరి మనిషో తెలీదని. దొడ్డి సంగతి విల్బర్ట్ చెప్పినప్పుడు "నన్ను కూడా పట్టుకుంటుందా?" అని అడిగింది.

"మా నాన్ననే పట్టుకోలేదు, నిన్నేం పట్టుకుంటుంది!" అన్నాడు విల్బర్ట్.

గురువారం పొద్దున ఉన్ని కత్తిరింపు మొదలెట్టారు. దొడ్డి బయట గోనెపట్టా పరిచి ఎల్సీ, బెర్నీస్ కత్తెరలు పట్టుకుని కూర్చున్నారు. కాళ్ళు దిగబడని హారిసన్ లోపల గొర్రెల్ని పట్టి కంచె మీదుగా అందిస్తున్నాడు. అత్తా అల్లుళ్ళ మధ్య ఒక దుప్పటి ఆరేశారు. విల్బర్ట్ గొర్రెల కాళ్ళు కడుతున్నాడు. పెళ్ళికూతురువి, పని ముట్టుకోకు అని కరోల్‌ని పీపా మీద కూర్చోబెట్టారు.

నల్లమొహం గొర్రె ఒకటి హారిసన్‌కి చిక్కలేదు. మూడు చుట్లు తిప్పి, అతన్ని పేడలో పడేసి, మూలకి పోయి నిలబడి చూస్తోంది.

"మామయ్యా, నేను మనుషులకి చేసేదే కదా ఈ పని, కాస్త ఉండండి!" అంటూ కరోల్ కంచె మీదినుంచి ఒక్క దూకు దూకింది.

దూకిన మనిషి దిగబడిపోయింది. చీలమండ కాదు, పిక్క కాదు, మోకాళ్ళు దాటి దిగబడిపోయింది. ఆ చప్పుడు ఆ దొడ్డిలోంచి ఎవరూ ఎన్నడూ వినలేదు. చాలాకాలం ఊపిరి బిగబట్టిన మనిషి ఒక్కసారి వదిలినట్టు ఉంది.

బెర్నీస్ చేతిలో కత్తెర జారి కింద పడింది. సగం ఉన్ని ఊడిన గొర్రె లేచి, ఆ ఉన్నిని ఈడ్చుకుంటూ పారిపోయింది. ఎవరూ పట్టుకోలేదు. దుప్పటి ఎప్పుడు లాగేశారో తెలీదు, ఎల్సీ లేచి నిలబడి ఉంది, హారిసన్ తిన్నగా అత్తగారి మొహంలోకి చూస్తున్నాడు. ఆవిడా అల్లుణ్ణి చూస్తోంది. ఇన్నేళ్ళ మర్యాద ఏమైపోయిందో ఇద్దరికీ గుర్తే లేదు.

కరోల్ ఒక్కతే నవ్వుతోంది. రెండు చేతులూ పైకెత్తి, "చూశారా! నన్ను పట్టుకుంది! విల్బర్ట్, మీ దొడ్డి నన్ను ఒప్పుకుంది!" అని అరుస్తోంది.

విల్బర్ట్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. "అక్కడ తడిగా ఉంది. గొర్రెలు ఉచ్చ పోసినట్టున్నాయి" అన్నాడు ఎవరితోనో. మాకు వానపడి ఎంతకాలమైందో అందరికీ తెలుసు. హారిసన్ మెల్లిగా వెళ్ళి కరోల్ పక్కన నిలబడి కాలితో నేలని తన్నాడు. ఠంగుమంది.

"పెద్దదాని పిల్ల" అంది ఎల్సీ.

పోయినవాళ్ళ పేరు మేం ఎత్తం. పెద్దదంటే బెర్నీస్ అక్క, ఉప్పు వంశం మనిషిని చేసుకున్నావిడ. ఆవిడకి పసిబిడ్డ ఒళ్ళో ఉండగానే క్షయ జబ్బు చేసి దూరాన ఆసుపత్రిలో పెట్టారు. అప్పటికి విల్బర్ట్ పుట్టనేలేదు. ఒకనాడు తెల్లవాళ్ళ కారొకటి వచ్చింది. తల్లి లేచేదాకా బిడ్డని చూసుకుంటామని ఎల్సీకి అర్థంకాని భాషలో చెప్పి ఎత్తుకెళ్ళారు. తల్లి లేచింది, తిరిగొచ్చింది, బిడ్డ రాలేదు. అడగని చోటు లేదు. ఎవరూ చెప్పలేదు. తర్వాత ఆవిడా పోయింది.

"ఆ దొడ్డిలో ఎవరెవరివి పాతానో నాకు తెలీదా? దాని బొడ్డుతాడు ఈ చేత్తోనే పాతాను" అంటూ ఎల్సీ కంచె తలుపు తీసుకుని లోపలికి వెళ్ళింది. తన కాళ్ళూ దిగబడ్డాయి. పీక్కుంటూ పీక్కుంటూ కరోల్ దాకా పోయి రెండు చేతులూ పట్టుకుంది. "ఒరేయ్, ఈ పిల్లకి చెప్పు. నేను వాళ్ళమ్మమ్మననీ, వాళ్ళమ్మ ఊపిరి పోయేదాకా దీనికోసమే ఏడ్చిందనీ చెప్పు."

ఆ రెండు భాషలూ కలిపేది ఇన్నాళ్ళూ విల్బర్టే. అతను కంచె పట్టుకుని నిలబడ్డాడు. చెబితే శనివారం పెళ్ళి లేదు, ఏ శనివారమూ లేదు. చెప్పకపోతే అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు, కరోల్‌కి మా మాట రాదు.

"అమ్మమ్మ అంటోంది..." అన్నాడు ఇంగ్లీషులో, "బూట్లు పాడైపోయాయి కదా అని."

"పోతే పోయాయి! ఏం ఫరవాలేదని చెప్పు" అంది కరోల్, ముసలమ్మ చేతులు ఊపుతూ.

ఎల్సీ ఆ నవ్వుమొహాన్ని తేరిపార చూసింది. "నవ్వుతుందేమిట్రా? వాళ్ళమ్మ సంగతి చెప్పావా?"

"చెప్పానమ్మమ్మా."

బెర్నీస్‌కి రెండు భాషలూ వచ్చు. హారిసన్‌కీ వచ్చు. ఇద్దరూ విన్నారు. కన్నకొడుకు అమ్మమ్మ మొహం మీదే అబద్ధమాడటం చూసి బెర్నీస్ లేచి వచ్చింది. "నేను చెప్పనురా, నా వల్ల కాదు. నువ్వే చెప్పాలి" అంది శాలువా అంచుతో మొహం ఒత్తుకుంటూ.

"ఏమైంది అందరికీ?" కరోల్ నవ్వు కాస్త తగ్గింది. "విల్బర్ట్, అమ్మమ్మని ఒక్క మాట అడుగు. ఇప్పుడు నేను మీ మనిషినేనా అని."

విల్బర్ట్ కంచె వదిలిపెట్టాడు. తర్వాత మా మాటలో అడిగాడు, "నేను మీ మనిషినేనా అని అడుగుతోందమ్మమ్మా." ఎల్సీ ఏం జవాబు చెప్పిందో అది ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాడు. కారు సంగతి చెప్పాడు. ఆసుపత్రి సంగతి చెప్పాడు. ఒక్క ముక్క వదల్లేదు.

మోకాళ్ళ దాకా నేలలో ఉన్న మనిషి ఎక్కడికి పోతుంది? కరోల్ ఉన్నచోటే ఉండి విన్నది. ఏడవలేదు. నోరు తెరుచుకుని ముసలమ్మ మొహంలో తన మొహం వెతుక్కుంటూ ఉండిపోయింది. ఎప్పటికో విల్బర్ట్ వైపు తిరిగింది.

"మీ అమ్మా మా అమ్మా అక్కచెల్లెళ్ళు. అంటే మనం కజిన్స్, అంతేగా? కజిన్స్ ఎక్కడా పెళ్ళి చేసుకోరా?"

"మా భాషలో ఆ మాట లేదు కరోల్."

"మరేముంది?"

అతను అటు తిరిగాడు. నడుచుకుంటూ గాలిమర దాకా వెళ్ళి, దాని నీడలో కూర్చున్నాడు. ఆమెని పైకి తీయడానికి హారిసన్‌కి ఒక పార, ఒక తాడు, రెండు గంటలు పట్టాయి.

శుక్రవారం ఆమె విల్బర్ట్ దగ్గరికి తనే వెళ్ళింది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి ఇద్దరికీ. "షాపుకి నేను రావట్లేదని చెప్పెయ్. ఇక్కడే ఉంటాను" అంది. "నా వంశం ఏమిటో మీ మాటలో చెప్పడం నేర్పు. మీ అమ్మని అడిగితే ఏడుస్తోంది." తన వంశం పేరు, తను నోట్లో పాలతో పాటు నేర్చుకున్న పేరు, విల్బర్ట్ ఆమెకి పొద్దుగూకేదాకా పలికించాడు. పలికిన ప్రతిసారీ ఆమె అతనికి ఇంకొంచెం దూరమయింది, ఆ ఇంటికి ఇంకొంచెం దగ్గరయింది. అది తెలిసే ఇద్దరూ ఆపలేదు.

పెళ్ళి ఆపమని నాలుగు లోయలకీ కబురు పంపే దారేది? శనివారం జనం రానే వచ్చారు. కోసిన గొర్రెలు కోసే ఉన్నాయి. ఎల్సీ తన మఖమల్ రవిక, పచ్చరాళ్ళ దండ కరోల్‌కి వేసి జనం మధ్యలో నిలబెట్టింది. జంట కలిసి జావ తినే పెళ్ళిబుట్ట ఏదీ, పెళ్ళికొడుకు గిన్నెలు అందిస్తున్నాడేమిటీ అని ఆడవాళ్ళు గుసగుసలాడుకుంటున్నారు.

కరోల్ గొంతు సవరించుకుంది. "నేను చేదునీళ్ళ వంశంలో పుట్టాను" అంది మా మాటలో, తప్పులతోనే, అందరికీ వినబడేలా. "ఉప్పు వంశం మా నాన్నవాళ్ళది."

గుసగుసలు ఠక్కున ఆగిపోయాయి. పెళ్ళికొడుకుది ఏ వంశమో అక్కడ తెలీనివాళ్ళు లేరు. ఎవరో చేతిలో రొట్టె జారవిడిచారు. ఒకావిడ పిల్లవాడి కళ్ళు మూసింది, ఎందుకో ఆవిడకే తెలీదు. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన కర్ర ఊతగా లేచాడు. ఆయన శుక్రవారమే బయల్దేరి గుర్రం మీద వచ్చాడు, ఈ పెళ్ళి చేయించడానికి.

"ఒరే విల్బర్ట్" అన్నాడు. "ఈ పిల్ల నీకేమవుతుందిరా?"

విల్బర్ట్ పులుసు గరిటె గిన్నెలో పెట్టాడు. కరోల్ అతని వైపే చూస్తోంది.

"అక్క" అన్నాడు. "మా అక్క, తాతా. ఇన్నాళ్ళకి ఇంటికొచ్చింది." అని అందరికంటే ముందు ఆమె గిన్నె తీసుకుని మాంసం పులుసు పోశాడు.