వర్షావాసంలో కట్టిన దారం

ఒడ్డున నిలబడి చూసేవాణ్ణి కొన్ని భాషల్లో తటస్థుడంటారు. మా సయాంలో అలా అనరు, 'నడుమ ఉన్నవాడు' అంటారు. ఒడ్డున ఉన్నవాడి కాళ్ళు తడవవు. నడుమ ఉన్నవాడికి ఎటు చూసినా నీళ్ళే. ఈ తేడా నాకు తెలిసిరావడానికి మూడేళ్ళు పట్టింది. మా అమ్మకు అంతకన్నా కాస్త ఎక్కువే పట్టింది.

ఐరోపాలో యుద్ధం మొదలైన ఏడు గ్రామపెద్ద మా రేవుకొచ్చి ఉత్తర్వు చదివాడు.

"మన రాజ్యం నడుమ ఉంటుంది. ఏ పక్షాన్నీ తిట్టకూడదు, ఏ పక్షాన్నీ పొగడకూడదు."

"మరి మా అత్తగారిని?" అన్నారెవరో.

"ఆవిడ యుద్ధంలో లేదుగా. తిట్టుకో."

సముద్రం మీద ఇంగ్లీషువాళ్ళు కాచుకుని ఉన్నారని ఓ జర్మనీ ఓడ చావ్ ఫ్రయా నదిలో, సరిగ్గా మా రేవుకెదురుగా లంగరు వేసుకుని ఉండిపోయింది. ఎన్నాళ్ళున్నదంటే, లంగరు గొలుసుకు కొబ్బరిమొక్క మొలిచింది. కాయ నేను తిన్నాను కూడా. ఆ ఓడ వంటవాడు గుస్తావ్. మా అక్క లమై రోజూ పడవ మీద నూడుల్స్ అమ్ముతూ ఆ ఓడ పక్కకు వెళ్ళేది. తానే వంటవాడై ఉండి రోజుకు మూడు గిన్నెలు కొని తినేవాడంటే అది ఆకలి కాదని మా రేవు కుక్కలకు కూడా తెలుసు.

ఏడాది తిరక్కుండానే అతను అమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని పిల్లనిమ్మని అడిగాడు.

"యుద్ధం అయిపోనీ నాయనా. మనం నడుమనున్నవాళ్ళం, మనకేం తొందర," అంది అమ్మ.

రెండో ఏడు గ్రామపెద్ద మళ్ళీ వచ్చాడు. "జర్మనీవాళ్ళను పొగడకండి," అన్నాడు. ఇంగ్లీషువాళ్ళ ధాన్యపు మిల్లు గుమాస్తాలు రేవు దాటించే నా పడవ ఎక్కడం మానేశారు. మీ అక్క ఆ ఓడకు తిండి పెడుతోందట కదా అన్నారు. ఆమె పడవ వేరు, నా పడవ వేరు అని చెప్పాను. నది ఒకటేగా అన్నారు.

మూడో ఏడు జెండా మారింది. అంతకుముందు దాని మీద తెల్ల ఏనుగు ఉండేది. నేనోసారి నా పడవకు తలకిందులుగా కట్టేస్తే, 'థాప్ గారి ఏనుగు యుద్ధానికి భయపడి వెల్లకిలా పడుకుంది' అని రేవంతా నవ్వింది. కొత్తదానికి ఎర్ర చారలూ తెల్ల చారలూ, అంతే. ఎలా కట్టినా ఒకటే. నాలాంటివాళ్ళ కోసమే మార్చారని నా నమ్మకం. గ్రామపెద్ద ఈసారి, "ఇంగ్లీషువాళ్ళను పొగిడితే తప్పులేదు," అన్నాడు.

గాలి ఎటు తిరిగిందో అక్కకు అర్థమైంది. "అమ్మా, ఇంక ఆగను," అంది.

అమ్మ మెత్తబడింది. కానీ భిక్షువులు వానాకాలం మూడు నెలలూ విహారం దాటని వర్షావాసం ఐదు రోజుల్లో పడుతోంది. అది పట్టాక మాలో పెళ్ళిళ్ళు చెయ్యరు.

"ఈ ఐదు రోజుల్లోనే కానిచ్చేద్దామే," అన్నాను.

"హడావిడిగా చేస్తే పిల్ల కడుపుతో ఉందంటార్రా. వర్షావాసం దాటనీ. మూడేళ్ళు మన జోలికి రాని యుద్ధం ఇంకో మూడు నెలలు ఆగదా?"

ఆగలేదు. వర్షావాసం మొదలైన పద్దెనిమిదో నాడు, తెల్లవారేసరికి మన నావికులు ఆ ఓడెక్కి ఉన్నారు. సయాం జర్మనీ మీద యుద్ధం ప్రకటించిందని గ్రామపెద్ద చదివాడు.

"వర్షావాసంలో పెళ్ళిళ్ళే చెయ్యం, యుద్ధమెలా మొదలుపెడతారయ్యా?" అంది అమ్మ.

గ్రామపెద్ద ఉత్తర్వు తిరగేసి చూశాడు. వెనకవైపు ఏమీ లేదు.

ఓడవాళ్ళను చిన్న మరపడవలోకి దించుతున్నారు. అక్క తెడ్డు అందుకుంది. అమ్మ తమలపాకుల పెట్టె చంకన పెట్టుకుని వెనకే ఎక్కింది. నేను పడవ తోసి ఎక్కాను. నది మధ్యలో ఆ మరపడవలోంచి మా వీధివాడే, నావికుడు పువాంగ్, చెయ్యి అడ్డం పెట్టాడు.

"అత్తా, పడవ తిప్పెయ్. వీళ్ళిప్పుడు శత్రువులు."

"నిన్నటిదాకా మనం నడుమ ఉన్నాం కదరా."

"ఉన్నాం. పొద్దున లేచేసరికి నడుమ ఖాళీ అయిపోయింది."

అమ్మ పెట్టెలోంచి తెల్లదారం ఉండ తీసింది. "ప్రయాణం పోయేవాడి మణికట్టుకు దారం కడితే తప్పా?"

"ప్రయాణానికైతే తప్పులేదు."

"వర్షావాసంలో?"

"అదీ తప్పులేదు."

అమ్మ మరపడవ అంచున కూర్చున్న గుస్తావ్ మణికట్టుకు మూడు చుట్లు చుట్టి ముడి వేసింది. దారం తెంపలేదు. రెండో కొస లాగి అక్క మణికట్టుకు కట్టి, అప్పుడు మధ్యలో పంటితో కొరికింది. పెళ్ళిలో కట్టేదీ అదే దారమని పువాంగ్‌కు తెలియదా? అతని పెళ్ళి జరిగి ఏడాదైనా కాలేదు. కానీ సరిగ్గా ఆ సమయానికే అతనికి అవతలి ఒడ్డున ఏదో ముఖ్యమైన కొంగ కనిపించింది.

కొన్నాళ్ళు పట్నంలో ఉంచి, తరవాత ఓడవాళ్ళను ఇండియాకు బందీలుగా పంపారు. అక్క రోజూ నూడుల్స్ అమ్ముకుంటూనే ఉంది. సంబంధాలు చెప్పడానికి వచ్చినవాళ్ళకు చెయ్యెత్తి మణికట్టు చూపించేది. మూడో ఏట గుస్తావ్ తిరిగొచ్చాడు. జుట్టంతా ఊడింది కానీ దారం మాత్రం ఉంది. అదే దారమంటాడు. నేను దగ్గరగా చూశాను, అది గోనెసంచి కుట్టే పురికొస.

అమ్మ ఆ రోజు కట్టింది పెళ్ళిదారమా, ప్రయాణపు దారమా అని మా రేవులో ఇప్పటికీ వాదించుకుంటారు. నన్ను మాత్రం అడక్కండి. ఆ విషయంలో నేను నడుమ ఉన్నాను.