ఇంటిమనిషి కూలి

“మూడు చోట్ల అడిగావా?” అన్నాడు తేసిక్, పెళ్లాం వడ్డించిన సోయా పులుసులో చెంచా ముంచుతూ.

అప్పటికి ఇద్దరిని అడిగింది, మూడో మనిషి రావాలి. ఇరవై తొమ్మిదేళ్లుగా మూడు చోట్ల అడగందే బోక్‌హీ ఏ పనివాణ్ణీ గడప దాటనివ్వలేదు. బాయిలరు మొరాయించినా, సింకు కింద గొట్టం కారినా, కిటికీ సందుల్లోంచి సముద్రపు గాలి కొట్టినా ముందు ఫోను పట్టుకునేది. గున్‌సాన్ రేవు వెనక ఆ పాత మూడంతస్తుల ఇళ్లలో ఆడవాళ్లందరూ ఏ రిపేరుకైనా ముందు ఆమె తలుపే తట్టేవాళ్లు. తక్కువ చెప్పినవాడికి తల ఊపొద్దని, ఆ ధరలో ఏమేం లేవో అడగమని చెప్పేది. ఇంత తెలివి ఇంకో మనిషికి ఉంటే దానికి ఆఫీసులో కుర్చీ వేసి జీతమిచ్చేవారు. ఆమెకు దొరికింది మాత్రం స్నేహితుల ముందు మొగుడు చెప్పుకునే ఒక్క మాట. “మా ఇంటిమనిషి నోరు తెరిస్తే మేస్త్రీలు పారిపోతారు.” పరాయివాళ్ల దగ్గర పెళ్లాం గురించి మాట్లాడాల్సి వస్తే ఆయన ‘ఇంటిమనిషి’ అనే అంటాడు. ఇంట్లో అయితే కూతురి పేరు తగిలించి ‘సుల్గి అమ్మా’ అని పిలుస్తాడు. బోక్‌హీ అన్న పేరు ఆస్పత్రి చీటీల మీదే మిగిలింది.

ఈసారి పని అత్తగారి గదిది. ఆవిడ పోయి, నలభై తొమ్మిదో రోజు కర్మ కూడా ముగిసింది. తొమ్మిదేళ్లు మంచాన ఉన్న గది అది. గోడకాగితం పసుపు తిరిగి, మూలల్లో నల్లగా బూజు పట్టింది. కాగితం మార్చాలి, నేల మీద పరిచిన షీటు మార్చాలి. ఆ తొమ్మిదేళ్లూ బోక్‌హీ ఆ గది గుమ్మం బయట చాప వేసుకుని పడుకుంది, తలుపు ఓరగా తెరిచి. మూడో ఏడు ఒకరోజు ఆమె వంటింట్లో ముల్లంగి తరుగుతూ తరుగుతూ ఏడ్చేస్తే, తేసిక్ ఏం చేయాలో తోచక వెనక నిలబడి, “అమ్మ తర్వాత ఆ గది నీదేలే,” అన్నాడు. ఆ మాట ఆయనకు గుర్తుందో లేదో గానీ, ఆరేళ్లు ఆమె దాన్ని పట్టుకునే బతికింది. ఆ గదిలో ఏం చేస్తావని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి సిగ్గుపడేది. తలుపేసుకుని పడుకోవాలి. అంతే.

మొదటివాడు ఫోటో చూసి ఫోనులోనే ఐదు లక్షల పది వేల వోన్లన్నాడు. “బూజు మందు?” “అది వేరే అమ్మగారూ.” “పాత కాగితం పీకి పారేయడం?” “అదీ వేరే.” “మరి ఐదు లక్షలకూ మీరొచ్చి గోడను చూసిపోతారా?” అని పెట్టేసింది. రెండోవాడు ఇంటికొచ్చి ఏడు లక్షల ఎనభై వేలు చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె భుజం మీదుగా లోపలికి చూస్తూ, “అయ్యగారు ఎప్పుడుంటారు?” అని రెండుసార్లు అడిగాడు. మూడో మనిషి ఆడమనిషి, నామ్ అక్క. అరవై దాటి ఉంటాయి. జేబుల నిండా గోడ గీకే రేకులు, బ్రష్షులు. మాట్లాడకుండా వచ్చి గోడను బొటనవేలితో నొక్కింది.

“నాలుగు పొరలున్నాయి. ఒకదాని మీద ఒకటి అంటించుకుంటూ పోయారు. దీని మీదే అంటిస్తే నాలుగు నెలల్లో బూజు మళ్లీ పైకొస్తుంది. నేను అంటించను.”

“అన్నీ కలిపి చెప్పండక్కా.”

నామ్ అక్క గోడకు కాగితం ఆనించి పద్దులన్నీ విడివిడిగా రాసింది. మొత్తం ఆరు లక్షల తొంభై వేలు. బోక్‌హీ ఒక్కో పద్దునూ చదివింది, అడిగింది, తగ్గించడానికేమీ కనబడలేదు. అట్టపెట్టెలోంచి కాగితాల నమూనాలు తీసి లేత పచ్చది ఎంచుకుంది. వరి నాటిన పది రోజులకు మడి ఉండే రంగు. కాఫీ పొట్లం కత్తిరించి కాగితపు కప్పులో కలిపి ఇచ్చింది. నామ్ అక్క తాగుతూ, “ఎవరి గది?” అంది. “నాదే,” అంది బోక్‌హీ. చెప్పాక నోరంతా వింతగా అనిపించింది.

తేసిక్ అప్పుడే వచ్చాడు. కాగితం తీసుకుని పైనుంచి కిందికి వేలు జరుపుతూ ఒకచోట ఆగాడు.

“ఇదేంటి? పాత కాగితం తీయడం, ఒక మనిషి, ఒక రోజు, లక్షా యాభై వేలా? పీకడానికా?”

“పొరలెక్కువున్నాయండీ,” అంది నామ్ అక్క. “తడిపి తడిపి తీయాలి. అలవాటున్న మనిషికే పొద్దు గూకేదాకా పడుతుంది.”

“దానికి మనిషెందుకు? మా ఇంటిమనిషి ఉందిగా. అమ్మ పోయాక ఖాళీగానే ఉంటోంది.” చొక్కా జేబులోంచి పెన్ను తీసి ఆ అంకె కొట్టేశాడు. పక్కన ‘ఇంటిమనిషి’ అని రాసి, దాని ఎదురుగా గుండ్రంగా ఒక సున్నా చుట్టాడు. “చూశావా, ఒక్క గీతకు లక్షన్నర మిగిలింది,” అన్నాడు పెళ్లాం వైపు తిరిగి, మెచ్చుకోమన్నట్టు.

నామ్ అక్క బోక్‌హీ చేతుల వైపు ఒకసారి చూసి, నీళ్లు చల్లే సీసా, గీకే రేకు అక్కడ పెట్టి వెళ్లిపోయింది.

అలవాటున్న మనిషికి ఒక రోజు పట్టే పని ఆమెకు మూడు రోజులు పట్టింది. పైపొర పూలపూల కాగితం. దాని కింద గీతలది, దాని కింద సుల్గి పుట్టిన ఏడు అంటించినది. మంచం ఆనుకున్న చోట మనిషి తల రాసుకుని జిడ్డు మరక. ఆ పక్కన, చల్లారిందని అత్తగారు విసిరికొట్టిన గంజి మరక. కాస్త కిందుగా గోటి గీతలు. ఆవిడకు మాట పడిపోయిన చివరి రెండేళ్లూ, ఏదైనా కావాల్సినప్పుడల్లా గోడను అలా గీకేది. ఆ చప్పుడుకు బోక్‌హీ ఎంత నిద్రలో ఉన్నా లేచేది. ఇప్పుడు తన చేతిలోని రేకూ అదే చప్పుడు చేస్తుంటే ఆమె చేయి ఆగిపోయింది.

మాట పోకముందు అత్తగారికి మతి పోయింది. కోడలిని మర్చిపోయింది. ఎవరో కూలికి పెట్టిన ఆయా అనుకునేది. ఒళ్లు తుడుస్తుంటే ఒకరోజు మణికట్టు పట్టుకుని, “ఈ ఇంట్లో నీకు రోజుకు ఎంతిస్తున్నారు, అమ్మాయ్?” అంది. “ఏమీ ఇవ్వరు, అత్తయ్యా.” ఆవిడ కళ్లు పెద్దవి చేసింది. తలుపు వైపు చూసి, ఎవరూ వినడంలేదని నిర్ధారించుకుని గొంతు తగ్గించింది. “పిచ్చిదానా. వేరే ఇల్లు చూసుకో. ఇక్కడ ఉండకు.” ఇరవై ఏళ్లు వంకలు పెట్టిన అత్తగారు, కోడలన్న సంగతి మర్చిపోయాకే ఆమె మీద జాలిపడింది. ఈ సంగతి తేసిక్‌కు చెబితే కళ్ల నీళ్లొచ్చేలా నవ్వాడు. పండక్కి వచ్చిన చుట్టాలకు కూడా చెప్పి నవ్వించాడు. బోక్‌హీ కూడా నవ్వింది, నవ్వకపోతే బాగుండదని.

మూడో రోజు మధ్యాహ్నం గోడ మీద చివరి కాగితం ముక్క తీస్తుంటే హాల్లోంచి మొగుడి గొంతు వినబడింది. ఫోనులో తమ్ముడితో. ఆ తమ్ముణ్ణి పెళ్లాం వదిలేసి రెండు నెలలైంది.

“గది సిద్ధమవుతోందిరా. ఇరవయ్యో తారీఖుకల్లా వచ్చెయ్. బయట గది తీసుకుంటే నెలకెంతవుద్దో తెలుసా? తిండికి ఇబ్బందేంటి, ఇంటిమనిషి ఉందిగా. బట్టలూ అంతే. ఇద్దరికి వండేది ముగ్గురికి వండుతుంది, తేడా ఏముంది?”

తడి కాగితం ముద్ద ఆమె పాదం మీద పడింది. చాలాసేపు దాన్ని తీయలేదు. ఆయన అబద్ధమాడలేదు. మోసమూ చేయలేదు. అప్పుడెప్పుడో అన్న మాట మర్చిపోయాడు, అంతే. తెలిసి చేసుంటే తిట్టుకోవడానికైనా ఉండేది. ఆమె మిగిలిన ముక్క కూడా తడిపి, శుభ్రంగా తీసేసింది.

మర్నాడు నామ్ అక్క జిగురు బకెట్టుతో వచ్చి, గోడ పొడవునా అరచేత్తో రాసుకుంటూ వెళ్లింది.

“ఆఖరికి ఎవరిని పెట్టుకున్నారు?”

“నేనే.”

“ఒక్క గాటు లేదు గోడకి.” ఇంకోసారి రాసి చూసింది. “ఈ పనికి నాకు మనుషులు దొరకడంలేదు. నేర్చుకునేవాళ్లకు రోజుకు లక్ష ఇస్తాను. చెయ్యి కుదిరాక లక్షన్నర. పొద్దున్న ఆరింటికి చేపల బజారు ముందు వ్యాను ఆగుతుంది. రాసుకోవాలి, పేరేంటి?”

“సుల్గి అమ్మ...” అనబోయి ఆగింది. “బోక్‌హీ. ఇంటిపేరు ‘ఓ’.”

పద్దెనిమిదో తారీఖు సాయంత్రానికి గది పచ్చబడింది. “రెండు రోజులు తలుపు, కిటికీలు మూసే ఉంచండి. గాలి తగిలితే కాగితం బిగిసి చిట్లుతుంది. ఎవరూ లోపలికి వెళ్లొద్దు,” అని చెప్పి నామ్ అక్క వెళ్లింది. తొమ్మిదేళ్ల తర్వాత ఆ తలుపు పూర్తిగా మూతపడింది. బోక్‌హీ బయట నిలబడి ఉంది. జిగురు వాసన వస్తోంది, లోపల కాగితం ఎలా ఆరుతోందో కనబడదు.

భోజనాల దగ్గర తేసిక్ ఉత్సాహంగా ఉన్నాడు. “మా తమ్ముడు పొద్దున్నే అన్నం లేకపోతే ఉండలేడు. రొట్టె ముట్టడు. వాడి చొక్కాలు కూడా ఇస్త్రీ చేయాలి, ఆఫీసు ఉద్యోగం కదా.”

ఆమె చేపలో ముల్లు తీసి, అలవాటు కొద్దీ ఆయన గిన్నెలో వేసింది. “నేను ఎల్లుండి నుంచి పనికి వెళ్తున్నాను. ఆరింటికి వ్యాను.”

“ఏం పని?”

“పాత కాగితం తీసే పని.”

ఆయన చెంచా గాల్లో ఆగింది. నవ్వాలా కోప్పడాలా తేలక ఆమె మొహంలోకి చూశాడు. “మరి ఇంట్లో ఎవరు? వాడొచ్చాక వండటం, ఉతకడం, ఇవన్నీ?”

బోక్‌హీ లేచి నామ్ అక్క పద్దులు రాసిన ఎస్టిమేటు కాగితం తెచ్చి, సున్నా ఉన్న వైపు పైకి పెట్టి, ఆయన గిన్నె పక్కన పరిచింది. మడత దగ్గర చేత్తో సాపు చేసింది.

“మూడు చోట్ల అడగండి,” అంది.