పొయ్యి పక్క బెంచీ

నేను ఒక ఓక్ చెక్క బెంచీని. అల్లాటప్పా పుట్టుక కాదు సుమండీ! పాత ఓడను విప్పేస్తే వచ్చిన పలకలతో లండన్ వడ్రంగి ఒకడు నన్ను చేశాడు. సముద్రం మీద కెప్టెన్ల బూట్లు మోశాను, నేల మీదికొచ్చాక కాఫీ తాగేవాళ్లను మోశాను. మూడొందల ఏళ్ల కిందటి మాట.

నా యజమానురాలు హెస్టరమ్మ. భర్త పోయాక కాఫీ దుకాణం ఒంటిచేత్తో నడిపేది. గోడ మీద ఆమె రాయించిన నియమం ఒక్కటే: ముందొచ్చినవాడిదే చోటు, గొప్పవాడొచ్చాడని ఎవరూ లేవక్కర్లేదు. పొయ్యి పక్కనుండే నాకు చలికాలంలో భలే గిరాకీ.

ఓ ఉదయం బూట్లు కుట్టే గిబ్స్ నా మీద కూర్చుని చేతులు కాచుకుంటున్నాడు. ఇంతలో సర్ బేసిల్ దొర విగ్గు సర్దుకుంటూ, స్నేహితుల దండుతో దిగాడు.

"లేవోయ్, అది నేను కూర్చునే చోటు."

గిబ్స్ లేవబోయాడు.

"కూర్చో గిబ్స్," అంది హెస్టరమ్మ. "అయ్యా, ఇక్కడ ముందొచ్చినవాళ్లదే చోటు. అదిగో, గోడ మీదుంది."

"అయితే రేపట్నుంచి మావాళ్లెవరూ నీ గడప తొక్కరు!"

ఆమె మొహం పాలిపోయింది. ఆ దండు మానేస్తే దుకాణం మూతే. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. శభాష్ తల్లీ అనుకున్నాను.

అప్పుడే ఆ రోజు వ్యాసపత్రిక వచ్చింది, లోకం పోకడల్ని వెక్కిరిస్తూ రోజుకో వ్యాసం అచ్చేసే పత్రిక. ఉన్నది ఒక్క కాగితమే. ఒకరు పైకి చదివితే అందరూ వినడం అక్కడి అలవాటు. దొరకు తన గొంతంటే తనకే ముద్దు. కాగితం లాక్కుని, నిలబడే చదవడం మొదలెట్టాడు. అందులో ఒక పెద్దమనిషి కథ. నాటకానికెళ్తే ముందు వరస, చర్చిలో ముందు బెంచీ, చివరికి శ్మశానంలోనూ ఎండ తగిలే చోటు కావాలని పక్క గోరీలోవాణ్ణి లేచి జరగమంటాడట! అందరూ పడీపడీ నవ్వారు. దొర కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే ఎర్రబడ్డాడు.

"ఇది నా గురించే! ఎవడు రాయించాడు?"

"అందులో పేరు లేదు కదండీ దొరగారూ?" అన్నాడు గిబ్స్ అమాయకంగా.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇంగ్లండులోనూ ఉందన్నమాట! రాసినవాడెవడో, ఈయన మొహమైనా చూశాడో లేదో. అందరికన్నా ఎక్కువ నవ్వింది ఆయన స్నేహితులే. దొరికిన చోటల్లా కూలబడి, "ఇంకో కాఫీ, హెస్టరమ్మా! రేపూ వస్తాం!" అని కేకేశారు.

దొర గుమ్మం దాకా వెళ్లి, చలికి వెనక్కొచ్చాడు. ఇక మిగిలింది ఒక్క చోటే, నా రెండో కొస. గిబ్స్ కాస్త జరిగాడు.

"రండి దొరగారూ, ఇక్కడా వెచ్చగానే ఉంటుంది."

దొర కూర్చున్నాడండీ! బూట్లు కుట్టేవాడూ, బూట్లు కుట్టించుకునేవాడూ ఒకే పలక మీద! పట్టలేని సంతోషంతో కిర్రుమన్నాను. హెస్టరమ్మ ఇద్దరికీ ఒకే కూజాలోంచి కాఫీ పోసింది.

ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాను. చుట్టూ తాడు, ముందు "కూర్చోరాదు" అని బోర్డు. మొన్నొక మంత్రిగారు మోకాళ్ల నొప్పులంటూ తాడు దాటబోయారు.

"ఎవరికైనా ఒకటేనండీ. అదిగో, బోర్డు మీదుంది," అంది కాపలా అమ్మాయి.

హెస్టరమ్మే ఉంటే ఆ పిల్లకు కాఫీ ఊరికే పోసేది.