ఫ్రిజ్‌లో పోశమ్మ పులుసు

ఆగండి. పొయ్యి మీద ఏదైనా ఉంటే మంట తగ్గించి వచ్చి కూర్చోండి. బస్సుకు టైమైతే ఆ ఒక్క బస్సును పోనివ్వండి. ఎందుకంటే ఈ సంగతి సగం విని లేచిపోతే మీకు రోజంతా మనసు కుదురుగా ఉండదు.

ఇబ్రహీంపట్నంలో ఒక ఇంటి ఫ్రిజ్‌లో ఒక స్టీలు డబ్బా ఉంది. అందులో ఒక చేప తలకాయ, దాని చుట్టూ గరిటెడు పులుసు. అంతే. దాన్ని పోశమ్మ ఆదివారం వండింది, సోమవారం తెల్లవారకముందే కన్నుమూసింది. ఇవాళ బుధవారం, మూడో రోజు. ఈ మూడు రోజులూ ఆ డబ్బాను ఎవరూ ముట్టకుండా కాపలా కాసింది పోశమ్మ మనవరాలు నర్మద.

శేరిగూడలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదివే పిల్ల చేప తలకాయకు కాపలా కాయడమేమిటంటారా? ఆ పులుసు చేయడం ఆ ఇంట్లో ఇంకెవరికీ రాదు మరి. నిజంగా ఎవరికీ! తాతల నాటి నుంచి చెరువులో వల వేసిన ఇల్లది. పోశమ్మకు ఆమె అత్త నేర్పింది, ఆ అత్తకు వాళ్ల అత్త. వరుస ప్రకారమైతే తర్వాత నర్మద తల్లి అరుణజ్యోతికి రావాలి. కానీ అరుణజ్యోతిది కొంగరకలాన్ వైపు ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఐదుంబావుకల్లా సందు చివర కంపెనీ బస్సు ఎక్కాలి. షిఫ్టు వారం వారం మారుతుంది, ఆదివారం వస్తే బట్టలుతకడం, ఒళ్లు తెలియని నిద్ర. "నువ్ కొల్వు చేస్కో బిడ్డ, పొయ్యి నేను సూస్కుంట" అని పోశమ్మే అంది. కొడుకు మల్లేశ్ కాలేజీ బస్సు నడుపుతాడు. అతనికి చేపను పట్టడం వచ్చు, తినడం వచ్చు, మధ్యలో జరిగేది తెలియదు.

నర్మదనైతే పోశమ్మ పిలవని వారం లేదు. మొన్న ఆదివారం కూడా పిలిచింది.

"నర్మదా, జర ఇటు రా. ఉల్లిగడ్డ కాలుస్తున్న, సూద్దువు."

"వస్తున్న నాయనమ్మా, రెండు నిమిషాలు."

"పులుసు మసులుతున్నదే. గిప్పుడు రాకుంటే ఇంకేం సూస్తవ్?"

"వీడియో తియ్యి నాయనమ్మా, తర్వాత సూస్త!"

"ఏ చేత్తోని తియ్యాలె? గరిటె పట్టిన చేత్తోనా, గిన్నె తిప్పే చేత్తోనా?"

నర్మద నవ్వింది. మంచం మీంచి లేవలేదు, ఫోను వదల్లేదు. ఆ పిలుపే ఆఖరిది.

సోమవారం ఇల్లంతా ఏడుస్తుంటే నర్మద నీళ్ల కోసం ఫ్రిజ్ తెరిచింది, డబ్బా కనిపించింది. అప్పుడు తట్టింది ఆమెకు. దీన్ని రుచి చూస్తూ పక్కన వండుకుంటూ పోతే, ఏది తక్కువైందో, ఏది ఎక్కువైందో నాలుకే చెబుతుంది. ఎన్నిసార్లు తప్పినా సరే, డబ్బా ఉన్నంతవరకు దారి ఉంది. డబ్బా పోతే నాయనమ్మ చేతి పులుసు కూడా పోయినట్టే. కాగితం మీద "ముట్టొద్దు" అని రాసి మూతకు అంటించింది.

బుధవారం వచ్చింది. మూడో రోజున పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, పూడ్చిన చోట విస్తరాకులో పెట్టి, దూరం జరిగి నిలబడతారు కదా. కాకి వచ్చి ముట్టాలి. ముడితేనే పోయిన మనిషి మనసు నిండినట్టు, ముడితేనే ఇంటికెళ్లి అందరూ అన్నం తినొచ్చు. అరుణజ్యోతి పొద్దున్నే రవ్వ చేప తెప్పించి పులుసు పెట్టింది. చింతపండు ఎంత వేయాలని చుట్టాలను అడిగితే ముగ్గురు మూడు లెక్కలు చెప్పారు. మూడూ కలిపి ఏదో ఒకటి వేసింది.

పది దాటింది. కాకి తుమ్మకొమ్మ మీద కూర్చుని విస్తరాకు వైపు చూస్తోంది, దిగడం లేదు. ఎండ నెత్తి మాడుస్తోంది. మల్లేశ్ అటు పది అడుగులు, ఇటు పది అడుగులు. అరుణజ్యోతి ఫోను తీసి చూస్తోంది, కొంగులో పెట్టుకుంటోంది, మళ్లీ తీస్తోంది. రేపు డ్యూటీకి పోవాల్సిందే, సెలవు మూడు రోజులే ఇచ్చారు.

"ఎట్ల దిగుతది?" అంది ముత్యాలు. బడంగ్‌పేట్ నుంచి వచ్చిన పోశమ్మ చెల్లెలు ఆవిడ. "మా అక్క ముక్కు మస్తు తేజ్. వాసన సూసి ఆడనే కూసున్నది."

"నేను సక్కగనే వండిన చిన్నత్తా."

"అవ్ బిడ్డ, ఎవలు కాదన్నరు? కారం నీళ్లల్ల చేపకు ఈత నేర్పినవ్."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అరుణజ్యోతి తల వంచుకుంది.

"ఇంట్ల అక్క చేతి కూర ఉన్నదంట గద," ముత్యాలు గొంతు తగ్గించింది. "గది పెట్టుండ్రి. ఆమె చేతిది ఆమే కాదంటదా?"

నర్మద ముందుకొచ్చింది. "అది చద్దిది! మూడొద్దులైంది. చద్దిది పెడ్తరా ఎవరన్న?"

"చేపల పులుసుకు చద్దేందే? వండినంక ఆగితేనే గదా దానికి రుచొచ్చేది."

"అది కాదు ముత్యాలవ్వా. అది ఉంటేనే మల్ల వండొస్తది. పోతే మనకెవలకు రాదు."

"మీ నాయనమ్మ ఉన్నప్పుడు యాడికి వోయినవే నేర్సుకునుటానికి?"

మల్లేశ్ స్కూటీ తాళం చెవి నర్మద చేతిలో పెట్టాడు. "ఉరుకు బిడ్డ."

"మొత్తం తేవాలె!" ముత్యాలు వెనక నుంచి అరిచింది. "సగం దాస్కుంటే గది పెట్టుడే కాదు. మూత గూడ తియ్యకు!"

సాగర్ రోడ్డు దాటేటప్పుడు లారీ హారన్ కూడా నర్మదకు సరిగ్గా వినిపించలేదు. ఇంట్లో పోశమ్మ భర్త, తాత బుగ్గయ్య ఒక్కడే ఉన్నాడు. మోకాళ్లు సహకరించక రాలేదు. సోమవారం నుంచి ఆయన కడుపులో పడ్డది చాయ్ ఒక్కటే. అందరూ బతిమిలాడారు, ముత్యాలు తిట్టి కూడా చూసింది. గోడవైపు తిరిగి పడుకునేవాడు.

నర్మద డబ్బా తీసింది. ఒక్క చుక్క, ఒక్కటే, ఎవరికి తెలుస్తుంది? మూత తెరిచింది. పైన నూనె గడ్డకట్టి ఉంది. చల్లటి పులుసులో రుచి ఏం దొరుకుతుంది? గబగబా గిన్నెలోకి వంచి స్టవ్ వెలిగించింది. నూనె కరిగింది, అంచుల్లో బుడగలు లేచాయి, వాసన గుప్పుమంది. కాల్చిన ఉల్లిగడ్డ, అది సరే. వేయించిన మెంతులు, అదీ సరే. వాటి వెనక ఇంకేదో ఉంది, అటు పులుపు కాదు, ఇటు చేదు కాదు. ఏమిటది? చెంచా తీసుకుంది.

"ఎవలే పొయ్యికాడ?"

చెంచా ఆగిపోయింది. "నేనే తాతా."

"గది మీ నాయనమ్మ పులుసు గద."

"అవ్ తాతా, ఆదివారంది. కాకికి కొంచవోవాలె."

మంచం కిర్రుమంది. "గింత అన్నం పెట్టరాదు నాకు."

"తాతా, అది కాకికి..."

"కాకికేం తెల్సు? యాభై ఏండ్లు తిన్నది నేను."

నర్మద గబుక్కున అటు తిరిగింది. "అయితే జెప్పు తాతా! ఉల్లిగడ్డ, మెంతులు కాకుండ ఇండ్ల ఇంకేం ఏసేది?"

"ఉత్తగ అడిగితే ఏం యాదికొస్తది? నోట్ల వడితే చెప్త."

ఫోను మోగింది. నాన్న. "యాడున్నవ్? కాకి దిగింది. ఆకు చుట్టు తిరుగుతున్నది గని ముడుతలేదు. మీ అమ్మ కూలవడి ఏడుస్తున్నది. నా కూరనే అత్తను తిననిస్తలేదని. తెస్తున్నవా లేదా?"

బుగ్గయ్య అప్పటికే గోడ పట్టుకుని లేచి, చెంబు వంచుకుని చేతులు కడుక్కుంటున్నాడు. గిన్నెలో పులుసు చిక్కబడుతోంది, ఇంకో నిమిషం ఉంటే అడుగంటుతుంది. తలకాయ ఒక్కటే, పులుసు గరిటెడే. నర్మద స్టవ్ ఆపింది. గిన్నె పట్టుకుని నిలబడింది. ఫోనులో నాన్న "నర్మదా, నర్మదా" అంటూనే ఉన్నాడు.

మీరైతే ఆ గిన్నె ఎటు తీసుకెళ్తారు?