ఫ్లెక్సీ మీద నా ముఖం

రౌడీ శివను పోలీసులు నగరం అవతలి వైపు నుంచి వెళ్లగొట్టారు. ఏడాది పాటు ఆ ప్రాంతంలో అడుగు పెట్టకూడదన్నారు. ఎక్కడ పెట్టాలో మాత్రం చెప్పలేదు. వాడు రామంతాపూర్‌లో రెండు గదులు అద్దెకు తీసుకున్నాడు. ఇక్కడ వాడిని ఎవరూ ఎరగరు. చాయ్ హోటల్లో నిలబడితే జరిగి చోటిచ్చేవాడు లేడు.

అలాంటివాణ్ణి మా తమ్ముడు రాజు పిలుచుకొచ్చాడు.

నాచారంలో మా ఇద్దరికీ ఉమ్మడిగా ఒక షెడ్డుంది. అద్దెకున్నవాడు ఖాళీ చేయనన్నాడు. కోర్టుకు వెళ్తే వాయిదాల మీద వాయిదాలు. రాజుకు ఓపిక పోయింది. ఒక మధ్యాహ్నం శివ నలుగురిని వెంటబెట్టుకుని వెళ్లి షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. సాయంత్రానికి అద్దెదారు మిషన్లు లారీకి ఎక్కించుకున్నాడు.

"సూసినవా అన్నా? కోర్టు జేయలేని పని కుర్సీ జేసింది" అన్నాడు రాజు.

"ఆ కుర్సీ ఆడికెల్లి మళ్ల లేస్తదా?"

"వదినె పోయిన కాడికెల్లి నీకు తీపి గూడ చేదే" అన్నాడు.

వాడి వదిన, నా భార్య బాలనర్సమ్మ, చిల్కానగర్‌లో ఉంది. మా తాతల పొలంలో మిగిలిన రెండు గుంటల జాగాలో, సిమెంటు గట్టు కింద. చుట్టూ మూడంతస్తుల ఇళ్లు లేచాయి. ఆ జాగా ఒక్కటే నాకు కావాలి. ఇంకేదీ అక్కర్లేదు.

ఆషాఢంలో బోనాలు వచ్చాయి. పండుగకు మావాళ్లు ఫ్లెక్సీలు వేస్తారు. అమ్మవారు మూలన చిన్నగా, మనుషులు నడుమ పెద్దగా. కృతజ్ఞత చెప్పాలన్నా అదే, బలం చూపాలన్నా అదే. ఉప్పల్ చౌరస్తాలో రాజు వేసిన ఫ్లెక్సీ మీద శివ నడుమ చేతులు జోడించి ఉన్నాడు. ఒక పక్క రాజు, ఇంకో పక్క నేను. నన్నెవరూ అడగలేదు. అది నేనూ బాలనర్సమ్మా కలిసి దిగిన ఫొటో. ఆమెను కత్తిరించి నన్ను అతికించారు. నా భుజం మీద ఆమె వేళ్లు మాత్రం మిగిలాయి.

"తీసెయ్" అన్నాను.

"పండుగయినంక వాళ్లే తీస్తరు తియ్. హీరో లెక్క ఉన్నవ్ గద అన్నా."

ఆ ఫ్లెక్సీ చూసి జనం శివ ఎక్కడుంటాడని అడగడం మొదలుపెట్టారు. పార్ట్‌నర్‌తో చెడినవాడు వెళ్లాడు. పక్కింటి గోడతో తగాదా ఉన్నవాడు వెళ్లాడు. పెద్ద చదువులు చదివినవాళ్లూ వెళ్లారు. శివ ఎవరి తలుపూ తట్టలేదు. చాయ్ హోటల్లో ఇప్పుడు వాడికోసం బల్ల ఖాళీగా ఉంచుతున్నారు. మా షెడ్డు తాళంచెవి వాడి జేబులోనే ఉండిపోయింది. అడగడానికి రాజుకు నోరు రాలేదు.

దసరా వెళ్లాక శివ చిల్కానగర్ వచ్చాడు. సమాధి గట్టు మీద కూర్చున్నాడు.

"పెద్దన్నా, గీ జాగ ఆఫీసుకు మస్తుగుంటది. అమ్మను మంచి కాడికి మారుస్తం. ఫికర్ జేయకు."

"మార్చనీకి ఆమె సామానా?"

నవ్వాడు. "దీపావళి దాంక సోంచాయించు" అని గడువు పెట్టి, లేచి ప్యాంటుకు అంటిన దుమ్ము దులుపుకున్నాడు.

పోలీసుల దగ్గరికి వెళ్లాను. ఎస్సై అంతా విన్నాడు. తర్వాత ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. చౌరస్తా ఫ్లెక్సీ.

"పెద్దాయనా, గీ పక్కనున్నది నువ్వే గదా?"

"నేనే."

"మీ మనిషి మీద మీరే కంప్లయింట్ ఇస్తరా? మీరూ మీరూ మాట్లాడుకోన్రి."

ఇంటికొచ్చేసరికి రాజు గడపలో కూర్చుని ఉన్నాడు. నా ముఖం చూసి సంగతి గ్రహించాడు.

"అన్నా, అన్నోజిగూడల ఒకాయన దిగిండు. దయాకరన్న అని. ఆయన పేరు జెప్తే శివగాడు ఉరుకుతడు."

"యాడికెల్లి వచ్చిండు?"

"దూరం. ఆడ పోలీసులు ఉండనిస్తలేరంట."

"వద్దు" అన్నాను.

రాజు తల దించుకున్నాడు. "జెప్పిన అన్నా. రేపు వస్తుండు."

మర్నాడు చిల్కానగర్ జాగా ముందు తెల్ల కారు ఆగింది. దయాకర్ చెప్పులు బయటే విడిచాడు. సమాధికి వంగి దండం పెట్టాడు. నెమ్మదైన మనిషి. గొంతు పెంచడు.

"ఈ జాగ దిక్కు ఇగ ఎవ్వడు కన్నెత్తి సూడడు పెద్దన్నా."

"నీకేం కావాలె?" అన్నాను.

"నాకేమొద్దు. గీ దిక్కు నన్నెవరు గుర్తు పడ్తరు? దీపావళికి చౌరస్తాల ఒక ఫ్లెక్సీ ఏద్దాం. గంతే." ఫొటో తీయడానికి ఫోన్ ఎత్తాడు. "జర ఇటు సూడు."

నేను ముఖం తిప్పుకున్నాను. రాజు నా భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా, నన్ను ఇటు తిప్పాడు.